దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను, మనుషులు ఇంకా నమ్మట్లేదు. ఏం చెయ్యమంటారు?

చెరువుగట్టు (భీమవరం దగ్గర):

అందరికీ వందనాలండి. పేరు రాయను, మా సంఘం వాళ్ళు కొందరు ఇక్కడ చదువుతుంటారు. కాస్త పెద్దగా రాశాను, ఓపిక పట్టండి.

రొయ్యల చెరువుల మీద పని చేస్తాను. మేత వెయ్యడం, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవడం, రాత్రి కాపలా. ఒకప్పుడు మా వీధిలో చీటీ నడిపేవాణ్ణి. సభ్యులంతా తెలిసినవాళ్ళే, సగం మంది ఆడవాళ్ళు. మొదట పేకాట, సంక్రాంతికి కోడిపందేలు, చివరికి ఫోన్లో రమ్మీ. 2020లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ నిషేధించే నాటికే నా పని అయిపోయింది. చీటీ పాడినవాళ్ళకి ఇవ్వడానికి డబ్బు లేక రాత్రికి రాత్రే ఊరొదిలి హైదరాబాద్ పారిపోయాను. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

అక్కడ వాచ్‌మన్‌గా ఉన్నప్పుడే ప్రభువుని తెలుసుకున్నాను. తిరిగొచ్చి మా ఊరి కాలవలోనే, నేను డబ్బులెగ్గొట్టిన జనం గట్టు మీద నిలబడి చూస్తుండగా బాప్తిస్మం తీసుకున్నాను. చీటీ బాకీలు ఒక్కొక్కటే తీర్చుకుంటూ వచ్చాను. పేక ముక్క మళ్ళీ ముట్టలేదు. మా ఆవిడా పిల్లలూ తిరిగొచ్చారు. మా చెరువు రాజుగారు నా సంగతి అంతా తెలిసే పనిలో పెట్టుకున్నారు.

ఇక అసలు విషయం. మొన్న డిసెంబర్లో క్రిస్మస్ పాటలకి ఇల్లిల్లూ తిరిగాం. వచ్చిన కానుకలు మందిరం స్లాబు కోసం. పాస్టర్ గారు సంచి నా చేతికిచ్చారు, రసీదు పుస్తకం ఒక కుర్రాడికి ఇచ్చారు. రాత్రి పదకొండు దాటాక మందిరంలో చాప పరిచి లెక్కపెట్టాం. మంచుకి నోట్లు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రసీదుల మొత్తం కంటే ఐదొందలు తక్కువొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ అంతే.

ఎవరూ ఏమీ అనలేదు. అనలేదు గానీ ఒకావిడ పక్కన పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. జిప్పు సగం తీసి ఉంటే దాన్ని కూడా లాగారు. నేను చాప మీద కూర్చున్నానేమో, సరిగ్గా నా కళ్ళెదుటే జరిగింది. ఒక పెద్దాయన "సంచి ఎవరి దగ్గరుంది?" అని అడిగారు. నా దగ్గరుందని అక్కడున్న అందరికీ తెలుసు. నేను లేచి చొక్కా జేబు, ప్యాంటు జేబులు బయటికి లాగి చూపించాను. పాస్టర్ గారు వద్దు వద్దంటూనే ఉన్నారు. మా పెద్దమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

కాసేపటికి ఆ నోటు రసీదు పుస్తకంలోనే, కార్బన్ కాగితం వెనక దొరికింది. పుస్తకం ఆ కుర్రాడి చేతిలో ఉంది. అతని వైపు ఒక్కరూ చూడలేదు. చూడమని కాదు, అతను మంచి పిల్లాడు. "హమ్మయ్య, స్తోత్రం" అనుకుని టీ తాగి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. నాతో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత కమిటీలో "యూదా దగ్గర కూడా సంచి ఉండేది" అని, అంటే యేసుని పట్టిచ్చిన యూదాతో నన్ను పోల్చి, ఆ పెద్దాయన అన్నారని తెలిసింది.

రాత్రిళ్ళు చెరువు దగ్గర ఏరేటర్ల హోరులో నేను గట్టిగానే ప్రార్థన చేసుకుంటాను, ఎవరికీ వినపడదు కదా. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ హ్యాండ్‌బ్యాగే గుర్తొస్తోంది. దేవుడు నా పాపాలు జ్ఞాపకం చేసుకోనన్నాడు. ఊరు మాత్రం తారీఖులతో సహా గుర్తుపెట్టుకుంది. వేరే సంఘానికి వెళ్ళిపోనా? లేక దేవుడే చూసుకుంటాడని నోరు మూసుకుని ఉండాలా? దేవుణ్ణి నమ్మడమంటే ఇలాంటప్పుడు ఏం చెయ్యడం?

———

కృపాజ్యోతి:

ప్రైస్ ద లార్డ్ బ్రదర్. చదువుతుంటే కన్నీళ్ళొచ్చాయి. క్రీస్తునందు మీరు నూతన సృష్టి. దేవుడు తుడిచేసినదాన్ని తవ్వి తీసే హక్కు ఏ పెద్దకీ లేదు. అలాంటిచోట మీ ఆత్మ ఎదగదు. మీ గతం తెలియని సంఘానికి వెళ్ళండి, అక్కడ స్వేచ్ఛగా ఆరాధించుకోండి. మీ కుటుంబం కోసం ఈ రోజు ఉపవాస ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాను.

———

సూటిమాట:

నేను దేవుణ్ణి పెద్దగా నమ్మేవాణ్ణి కాదు కాబట్టి నా మాట చేదుగా ఉంటే వదిలెయ్యండి. "బాకీలు తీర్చుకుంటూ వచ్చాను" అన్నారు. తీర్చేశాను అనలేదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. ఎవరికైనా ఇంకా ఇవ్వాలా? మా నాన్నగారు ఇలాగే ఒక చీటీలో మునిగారు. ఎగ్గొట్టినాయన తర్వాత భజన మండలిలో చేరి ముందు వరసలో తాళాలు వాయించేవాడు. మా నాన్న ఆ గుడి వైపు వెళ్ళడం మానేశారు. చెప్పొచ్చేదేమిటంటే, మీ సంఘంలో కూర్చున్నవాళ్ళలో ఎవరి డబ్బైనా ఇంకా మీ దగ్గర ఉంటే, ఆ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి తీసుకున్నందుకు ఆవిణ్ణి తప్పు పట్టలేం.

———

చెరువుగట్టు:

మీ మాట చేదుగానే ఉంది గానీ అబద్ధం కాదండి.

సంఘంలో ఎవరికీ బాకీ లేను. ఒక్కరిది మిగిలింది. మా వీధి చివర ఇడ్లీలు వేసే మామ్మగారు. భర్త లేడు, పొద్దున్నే పొయ్యి మీద వచ్చిన డబ్బులోంచే చీటీ కట్టేవారు. ఆవిడవి 14,000. నేను హైదరాబాదులో ఉండగానే చనిపోయారు. ఒక్కడే కొడుకు, కువైట్‌లో డ్రైవర్. ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఉంది. ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యాలని ఎన్నిసార్లో అనుకున్నాను. చేసి ఏమని చెప్పాలి? మీ అమ్మ బతికుండగా ఇవ్వలేదు, ఇప్పుడు తీసుకో అని చెప్పాలా? అక్కడే ఆగిపోయాను. ఆవిడ కోసం ప్రార్థన అయితే చేసుకుంటున్నాను.

———

పాత క్యాషియర్ (గుంటూరు):

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి అలా పిలుస్తున్నాను. బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద కూర్చుని రిటైరయ్యాను. ఆ తర్వాత మా సంఘానికి కోశాధికారిగా కూడా చేశాను. డబ్బు లెక్కల దగ్గర మనుషుల మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు.

ముందు పౌలు సంగతి చూద్దాం, మొదట క్రీస్తు శిష్యుల్ని హింసించి, తర్వాత తనే శిష్యుడైనవాడు. మనవాళ్ళు ప్రసంగాల్లో దమస్కు దారిలో వెలుగు దగ్గర మొదలుపెట్టి ఒక్క గంతులో మిషనరీ యాత్రల దగ్గరికి వెళ్ళిపోతారు. మధ్యలో జరిగింది ఎవరూ చెప్పరు. గలతీ పత్రిక మొదటి అధ్యాయం ప్రకారం ఆయన మారిన మూడేళ్ళకి యెరూషలేము వెళ్ళాడు. అక్కడి శిష్యులు ఏం చేశారో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం 26వ వచనంలో ఉంది. ఇతను శిష్యుడంటే నమ్మలేక అందరూ భయపడ్డారు. మూడేళ్ళ తర్వాత కూడా! వాళ్ళేం దుర్మార్గులు కాదు. క్రీస్తుని నమ్మిన స్తెఫను చనిపోయినప్పుడు రాళ్ళు రువ్వినవాళ్ళ బట్టలకి ఇతనే కాపలా. ఇంటింటా జొరబడి తమవాళ్ళని జైలుకి ఈడ్చుకెళ్ళినవాడు. భయపడక ఏం చేస్తారు?

అప్పుడు బర్నబా అనే శిష్యుడు చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. ఆ తర్వాత పౌలుని చంపడానికి చూస్తున్నారని తెలిసి సహోదరులు అతన్ని సొంత ఊరు తార్సుకి పంపించేశారు. కొంతకాలం అతని ఊసే వినపడదు. మళ్ళీ బర్నబాయే తార్సుకి వెళ్ళి వెతికి అంతియొకయకి తీసుకొచ్చాడు. తర్వాత కరువొచ్చింది. అంతియొకయ వాళ్ళు యూదయలోని సహోదరులకి డబ్బు పోగుచేసి, పెద్దలకి అందజెయ్యమని ఎవరి చేత పంపారో తెలుసా? బర్నబా, సౌలు. సౌలు అంటే పౌలే, అతని ఇంకో పేరు. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం చివరి వచనం. తమ్ముడూ, నీ పోస్టు చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. ఎవర్ని చూసి ఆ ప్రాంతం వాళ్ళు హడలిపోయారో, ఆ మనిషి చేతే వాళ్ళకి డబ్బు సంచి వెళ్ళింది. అయితే ఒక్కడి చేత కాదు, ఇద్దరి చేత.

ఈ "ఇద్దరు" సంగతి పౌలు జీవితాంతం మర్చిపోలేదని నా అభిప్రాయం. ఏళ్ళ తర్వాత యెరూషలేము పేదల కోసం మళ్ళీ చందా పోగుచేశాడు. అప్పటికి ఆయన పేరు మోసిన అపొస్తలుడు. అయినా కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయం చూడు. ఈ డబ్బు విషయంలో మామీద ఎవరూ నింద వెయ్యకుండా జాగ్రత్తపడుతున్నాం అంటాడు. సంఘాలే ఎంచుకున్న మనిషిని వెంటబెట్టుకుంటాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా బాగుండాలి అంటాడు.

అదే కొరింథు వాళ్ళకి మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఏం రాశాడు? మీరు నాకు తీర్పు తీర్చడం నాకు చాలా చిన్న సంగతి, నన్ను విమర్శించేవాడు ప్రభువే అన్నాడు. మనిషి ఒకడే, సంఘమూ ఒకటే. మీరేమనుకున్నా నాకు లెక్కలేదన్న నోటితోనే, రండి వచ్చి లెక్క చూసుకోండి అంటున్నాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి ఎలా అనగలిగాడని నేను చాలాకాలం తల బద్దలుకొట్టుకున్నాను. నాకు అర్థమైంది ఇది: తన పరువు దేవుడి దగ్గర భద్రంగా ఉందని తెలిసినవాడికి, మనుషుల ముందు జేబులు ఖాళీ చేసి చూపించడం అవమానం అనిపించదు. నువ్వు ఆ రాత్రి జేబులు లాగి చూపించావు చూడు, చేసిన పని తప్పు కాదు. కోపంతో చేశావు, అందుకే ఇంకా మండుతోంది.

బ్యాంకులో మా సేఫ్‌కి రెండు తాళాలు. ఒకటి నా దగ్గర, ఒకటి ఆఫీసర్ దగ్గర. ఇద్దరం ఉంటేనే తెరుచుకుంటుంది. నా సర్వీసులో నా మీద ఏ మచ్చా లేదు. అయినా ఒక్క రోజు కూడా ఆ సేఫ్‌ని నన్ను ఒంటరిగా తెరవనివ్వలేదు, పైగా చెప్పాపెట్టకుండా వచ్చి నోట్లు లెక్కపెట్టేవాళ్ళు. దానికి ఏ క్యాషియరూ ఇంటికెళ్ళి ఏడవడు. మీ పాస్టర్ గారు నీ మీద ప్రేమతో సంచి నీ చేతికిచ్చారు, సంతోషమే. కానీ నీలాంటి గతం ఉన్న మనిషికి ఒంటరిగా సంచి ఇవ్వడం అంటే, ఐదొందలు తగ్గిన రోజు అతన్ని ఒంటరిగా నిలబెట్టడమే. ఆ సంచి ఇద్దరి చేతిలో ఉండి, ప్రతి వీధి చివరా లెక్క రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే, ఆ రాత్రి చాప మీద అందరి కళ్ళూ కాగితం మీద ఉండేవి, నీ మీద కాదు. పాస్టర్ గారితో ఇది మాట్లాడు. "నన్ను నమ్మండి" అని అడగకు. "లెక్కింపు పద్ధతి మార్చండి, అందరికీ మంచిది" అని అడుగు.

ఒక ప్రశ్న. మీ చెరువు యజమాని మేత బస్తాలు లెక్క చూస్తారా? చూస్తే నీకు బాధగా ఉంటుందా?

మామ్మగారి బాకీ. ఇక్కడ సూటిమాట గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఆయన దేవుణ్ణి నమ్మకపోయినా సరే. సంఖ్యాకాండము 5వ అధ్యాయం తియ్యి. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి, అసలు మొత్తం ఇవ్వాలి, దానిమీద ఐదో వంతు కలపాలి, ఎవరికి నష్టం చేశాడో వాళ్ళకే ఇవ్వాలి. తీసుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేనప్పుడే అది యాజకుడి ద్వారా దేవుడికి చెందుతుంది. మామ్మగారికి కొడుకున్నాడు. అంటే కానుక పెట్టెలో వేసి చేతులు దులుపుకునే దారి నీకు లేదు. 14,000కి ఐదో వంతు 2,800. మొత్తం 16,800. ఆ ధర్మశాస్త్రం కింద మనం లేమని ఎవరైనా అనొచ్చు. యేసుని కలిశాక మారిన పన్ను వసూలుదారు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు, నువ్వు ఐదో వంతుకి బేరమాడకు.

———

కృపాజ్యోతి:

అంకుల్, మీ జ్ఞానానికి వందనాలు. కానీ ఒక మాట. ఇలా లెక్కలు కట్టుకుంటూ పోతే కృప ఏమవుతుంది? యేసు పక్కన సిలువ మీద క్షమాపణ పొందిన దొంగ ఎవరికి ఐదో వంతు కట్టాడు? గాయపడినవాడికి మీరు పద్దు పుస్తకం ఇస్తున్నారు.

———

పాత క్యాషియర్ (గుంటూరు):

అమ్మా, సిలువ మీద దొంగకి చేతులు మేకులతో కొట్టి ఉన్నాయి. మన తమ్ముడి చేతులకి పని ఉంది, జీతం ఉంది. క్షమాపణ కోసం కట్టమనట్లేదు, క్షమాపణ దొరికింది కాబట్టే ధైర్యంగా కట్టమంటున్నాను.

ఇంకోటి, మీరు సంఘం మారిపొమ్మన్నారు. మారితే ఎన్నాళ్ళు? భీమవరం చుట్టుపక్కల ఒకరి సంగతి ఇంకొకరికి తెలియని ఊరు ఎక్కడుంది? తెలిసిన రోజున "దాచిపెట్టి వచ్చాడు" అనే కొత్త మాట కూడా తోడవుతుంది.

———

రజిత (కరీంనగర్):

అన్నా, నేను హిందువును, వేరే రకంగా చెప్తున్న, ఏమనుకోకు. మీరందరు అనుమానపడే మనిషి గురించి రాస్తున్నరు. నేను అనుమానించినదాన్ని. మా ఆయన తాగేటోడు. ఇప్పుడు తాగడు. ఇటు వైపు ఎట్లుంటదో చెప్తా.

ఆయన వేములవాడ రాజన్న మీద ఒట్టు పెట్టి మానేస్తా అన్నడు, తప్పిండు. కొడుకు తల మీద చెయ్యి పెట్టి అన్నడు, తప్పిండు. అయ్యప్ప మాల వేసిండు. నల్ల బట్టలు, చన్నీళ్ళ స్నానం, రెండు పూటల పూజ, నలభై ఒక్క రోజులు మా ఇల్లు గుడిలెక్క ఉంది. శబరిమల పోయి ఇరుముడి సమర్పించి వచ్చి మాల తీసిన రెండో రోజే మళ్ళా తాగిండు. ఆ రోజు నాకు ఆయన మీద కంటే అయ్యప్ప మీద ఎక్కువ కోపమొచ్చింది. నిజం చెప్తున్న.

తర్వాత ఏమైందో, ఎందుకైందో నాకు ఇప్పటికీ తెల్వదు. ఏ మాల లేదు, ఏ ఒట్టు లేదు, ఒక రోజు మానేసిండు. నాకేం చెప్పలేదు. ఊరికే మానేసిండు. నేను నమ్మలే. గేటు చప్పుడైతే ఇప్పటికీ నా చెవి అటే పోతది. చెప్పులు విడిచే చప్పుడు బట్టి ఎట్లొచ్చిండో చెప్పగలను, రెండు చెప్పులు ఒకేసారి పడితే మంచిగున్నట్టు, ఒకటి పడ్డంక ఆగి రెండోది పడితే తాగినట్టు. నీళ్ళ గ్లాసు అందిస్త, అందించేటప్పుడు ఇంత ముందుకు వంగుత. ఎందుకు వంగుతున్ననో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఆయన ఏం చేస్తడంటే, గ్లాసు తీసుకునే ముందు నా మొహం మీదికి మెల్లగ "హా" అని ఊపిరి వదుల్తడు. నవ్వుకుంట. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. అట్ల ఎన్నిసార్లు వదిలిండో. అదిగో ఆ ఊపిరే నన్ను మార్చింది, ఆయన పూజలు కాదు.

అన్నా, ఆ హ్యాండ్‌బ్యాగు ఆవిడ ఎవరో నాకు తెల్వదు. కావాలని అవమానించిందో, చెయ్యి దానంతటదే పోయిందో. నా ఒళ్ళు వంగినట్టే ఆమె చెయ్యి కూడ పోయి ఉంటది అనిపిస్తది. ఒకసారి మోసపోయినోళ్ళకు మనసు నమ్మినా చెయ్యి నమ్మదు. చేతికి టైం పడ్తది.

ఆ యూదా మాట అన్న పెద్దమనిషి సంగతి వేరు. ఆయనది భయం కాదు, పొగరు. ఆయన్ని మీ దేవుడికే వదిలెయ్.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో ఒక మాట ఉంది, మా అత్తమ్మ చెప్తుండె. ఎంత చెడ్డోడైనా నన్నే నమ్ముకుని కొలిస్తే వాణ్ణి మంచోడనే అనుకోవాలె, ఎందుకంటే వాడు సరైన నిర్ణయం తీసుకున్నడు అని కృష్ణుడు అంటడు. అది వినంగనే నాకు కోపమొచ్చేది. అనుకోవాల్సింది నేనా, నాకెందుకు ఈ డ్యూటీ అని. అంటే దేవుడు కూడ మాలాంటోళ్ళకు చెప్తున్నడు, "అనుకోండి" అని. నమ్ముడు కష్టమని ఆయనకు కూడ తెలుసన్నట్టు.

మీ బిడ్డ గుమ్మంల నిలబడి చూసింది అన్నరు కద. ఆమెతో మాట్లాడిన్రా? ఆ సంఘమోళ్ళ కంటే ముందు ఆమెతోని మాట్లాడు అన్నా.

———

కడప భాయి:

అస్సలాము అలైకుం అన్నా. మా మౌల్వీ సాబ్ చెప్పేది ఇదే. తౌబా, అంటే పశ్చాత్తాపం, చెయ్యాలంటే చేసిన తప్పు మానాలి, చేసినందుకు కుమిలిపోవాలి, మళ్ళీ చెయ్యనని గట్టిగా అనుకోవాలి. ఇది అల్లాహ్‌కీ నీకూ మధ్య. తప్పు ఇంకొక మనిషి హక్కుకి సంబంధించిందైతే మాత్రం ఆ హక్కు తిరిగివ్వాలి, లేదా వాళ్ళతో మాఫ్ చేయించుకోవాలి. మనిషి చనిపోతే వారసులకి. ఫుజైల్ బిన్ ఇయాజ్ అని ఒక పెద్ద బుజుర్గ్ (మహాత్ముడు), ముందు దారి దోపిడీలు చేసేవాడట. తౌబా చేశాక తను దోచుకున్నవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి తిరిగిచ్చేవాడని చెప్తారు. వాళ్ళలో కొందరు తిట్టి ఉంటారు కదా, దానికీ సిద్ధపడే వెళ్ళుంటాడు.

కువైట్ వాళ్ళకి మామూలు ఫోన్ కంటే ఐఎంఓ యాప్‌లో చెయ్యి, తొందరగా దొరుకుతారు. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు. శుక్రవారం సెలవు ఉంటుంది, ఆ రోజు చూసుకో. మొదట వాయిస్ మెసేజ్ పెట్టు, ఒక్కసారిగా కాల్ చేస్తే ఆయనకి ఏం మాట్లాడాలో తోచదు.

———

సూటిమాట:

మంచి చర్చ. క్యాషియర్ గారూ, నాతో ఏకీభవించే భక్తుడు దొరకడం ఇదే మొదటిసారి.

చెరువుగట్టు గారూ, ఆ భజన ఆయన మా నాన్నకి ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. చేసి ఉంటే మా నాన్న తిట్టేవారు. తిట్టి, తర్వాత అమ్మకి చెప్పి, భోజనం చేసేవారు. మాకు కావాల్సింది బహుశా అంతే.

———

చెరువుగట్టు:

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను, చెరువులో రొయ్యల పట్టుబడి ఉండి నాలుగు రోజులు నిద్ర లేదు.

క్యాషియర్ గారూ, మీ ప్రశ్నకి జవాబు. రాజుగారు బస్తాలు లెక్క చూస్తారు. వారానికోసారి గోడౌన్లో నిలబడి వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెడతారు, నేను పక్కన రిజిస్టరు పట్టుకుని ఉంటాను. ఒక్కనాడూ నాకు బాధ అనిపించలేదు. మీరడిగాకే ఆలోచించాను. అక్కడ నేను పనివాణ్ణి. సంఘంలో నన్ను సొంత తమ్ముడిలా చూస్తారనుకున్నాను, అందుకే అక్కడ తగిలింది. ఇది తెలిశాక బాధ తగ్గలేదు గానీ, ఎక్కడుందో తెలిసింది.

రజితమ్మా, మా అమ్మాయితో మాట్లాడాను. నేను అనుకున్నది వేరు. నన్ను చూసి సిగ్గుపడిందనుకున్నాను. "నాన్నా, నువ్వు జేబులు తీసి చూపిస్తుంటే నాకు భయమేసింది, మళ్ళీ వెళ్ళిపోతావేమోనని" అంది. హైదరాబాద్ వెళ్ళిపోయిన రాత్రి అది నిద్రపోలేదట, గేటు తీసిన చప్పుడు విందట. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. వేరే సంఘానికి వెళ్ళే ఆలోచన దానితో పోయింది.

పాస్టర్ గారితో ఇద్దరి లెక్కింపు గురించి మాట్లాడాను. ఆయనకి నచ్చింది. కమిటీలో పెట్టారు. సంచి మోసేవాళ్ళు ఇద్దరు, లెక్కపెట్టేవాళ్ళు వేరే ఇద్దరు, కాగితం మీద సంతకాలు అని ఒప్పుకున్నారు. ఆ నలుగురిలో నా పేరు మాత్రం ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. సరే అన్నాను. లోపల సరే అనిపించిందా అంటే, ఇంటికొచ్చేదాకా అనిపించలేదు. రాత్రి చెరువు దగ్గర ఆయన పేరు పెట్టి ప్రార్థన చేద్దామని మొదలుపెట్టి, సగంలో తిట్టడం మొదలుపెట్టాను. దేవుడు రెండూ విన్నాడనే అనుకుంటున్నాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, నేనేమో నిజంగానే కల్లు తాగినవాణ్ణి. కాస్త టైం ఇవ్వాలి కదా అని తర్వాత అనిపించింది.

మామ్మగారి అబ్బాయి నంబరు వాళ్ళ మేనమామ దగ్గర దొరికింది. కడప భాయి చెప్పినట్టే ముందు వాయిస్ పెట్టాను. పేరు చెప్పి, నేను మీ అమ్మగారికి ఇంత బాకీ, దాని మీద ఇంత కలిపి పంపిస్తాను, క్షమించమని అడిగే మొహం లేదు అన్నాను. చాలాసేపు బ్లూ టిక్కులే. మర్నాడు రాత్రి జవాబొచ్చింది. తిట్టాడు. అమ్మ కంటి ఆపరేషన్ కోసం దాచుకున్న చీటీ అదట. నాకు ఈ సంగతి తెలియదు. ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. విన్నాక చెరువు గట్టు మీద కూర్చుండిపోయాను, మేత టైం దాటిపోయింది. తిట్లన్నీ అయ్యాక చివర్లో బ్యాంకు అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పెట్టాడు. ఇంకేం రాయలేదు.

పట్టుబడి బోనస్ వచ్చింది, అందులోంచి 6,000 పంపించాను. మిగతాది రెండు జీతాల్లో. మా ఆవిడ తన చేతి గాజు అమ్మేద్దాం అంది, వద్దన్నాను. ఆ గాజు ఒకసారి నా వల్ల తాకట్టుకి వెళ్ళొచ్చినదే.

శుక్రవారం మందిరం స్లాబు వేస్తున్నారు. మిల్లరు పొద్దున ఆరింటికల్లా వస్తుంది. కంకర ఎత్తడానికి మనుషులు తక్కువగా ఉన్నారని పాస్టర్ గారు ఫోన్ చేశారు. వెళ్తున్నాను. రాజుగారిని ఒక పూట సెలవడిగాను.

———

పాత క్యాషియర్ (గుంటూరు):

పంపిన డబ్బుకి యూటీఆర్ నంబరు, అంటే ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు, వచ్చి ఉంటుంది. దాన్ని ఆ అబ్బాయికి మెసేజ్ చెయ్యి, నీ దగ్గరా ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. మిగతా 10,800 పంపినప్పుడూ అంతే.

స్లాబు రోజు తలకి తువ్వాలు కట్టుకుని వెళ్ళు తమ్ముడూ, సిమెంటు నీళ్ళు కళ్ళల్లో పడకుండా.